ఓర్వకల్లు పటంలో వంక ఎటు పోతోంది?

కర్నూలులో నంద్యాల బస్సెక్కి కూర్చుంటే అరగంట అయ్యీ కాకముందే చేలు తగ్గి బండరాళ్ళు మొదలవుతాయి. ఓర్వకల్లు రాక్ గార్డెన్ దగ్గర ఆ రాళ్ళ ముందు నిలబడి ఫొటో దిగని కర్నూలోడు ఉండడు. నేనూ దిగాను. ఈ మధ్య మాత్రం ఆ దారిన పోయినప్పుడల్లా వేరే ఆలోచన వస్తోంది. ఈ బండల్లో డ్రైనేజీ పైపు వేయాలంటే ఎంత లోతు తవ్వాలి, ఎన్ని రోజులు పేల్చాలి?

2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం దేశంలో 12 కొత్త పారిశ్రామిక నగరాలకు ఆమోదం తెలిపింది. అన్నిటికీ కలిపి అంచనా 28,602 కోట్లు. అందులో రెండు సీమకే వచ్చాయి. కర్నూలు పక్కన ఓర్వకల్లు హైదరాబాద్-బెంగళూరు పారిశ్రామిక కారిడార్‌లోది, కడప పక్కన కొప్పర్తి విశాఖ-చెన్నై కారిడార్‌లోది. 2025 అక్టోబరు 16న ప్రధాని కర్నూలు వచ్చి రెండింటికీ శంకుస్థాపన చేశారు.

శిలాఫలకం చూసి సీమవాళ్ళు ఎగిరి గంతేయరు. కడప జిల్లా ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో, 2018లో, 2019లో, 2023లో నాలుగుసార్లు శంకుస్థాపన జరిగింది. ఉక్కు ఏ మేరకు వచ్చిందో చెప్పనక్కర్లేదు. కాబట్టి సభలో ఏం చెప్పారన్నది పక్కనపెట్టి, దాని వెనకాల కాగితాల్లో ఏముంటుందో చూద్దాం. ఆ కాగితాలకే మాస్టర్ ప్లాన్ అని పేరు. ముందు ‘సమగ్ర’ అని కూడా తగిలిస్తారు. ఈ వ్యాసం ఆ ‘సమగ్ర’ అన్న మాట గురించే.

ఓర్వకల్లు టీ కొట్టులో ఒక పెద్దాయన నన్ను సర్వేయరు అనుకుని అడిగాడు: “ఏమప్పా, మా చేను దీంట్లో వస్తాదా, రాదా?” మాస్టర్ ప్లాన్ అంటే మనలో చాలామందికి అంతే. ఒక పటం, దాని మీద గీతలు, గీత లోపల ఉన్నామా బయట ఉన్నామా. అది తప్పు కాదు గానీ అందులో పావు వంతు మాత్రమే. మిగతాదంతా లెక్కలు. ఒక లెక్కకు ఇంకో లెక్క ముడిపడి ఉంటుంది. ఒక ముడి లాగితే ఇంకెక్కడో బిగుస్తుంది.

ముందు పేపర్లో వచ్చే అంకెలే తీసుకుందాం

ఓర్వకల్లు: 2,621 ఎకరాలు, 2,786 కోట్ల ఖర్చు, 12,000 కోట్ల పెట్టుబడులు వస్తాయని, 45,000 మందికి ఉద్యోగాలు దొరుకుతాయని అంచనా. కొప్పర్తి: 2,596 ఎకరాలు, 2,137 కోట్లు, 8,860 కోట్ల పెట్టుబడి, 54,500 ఉద్యోగాలు. ఈ అంకెలను పేపర్లో చదివి పక్కన పెట్టేస్తాం. కాలిక్యులేటర్ తీసుకుని భాగిస్తే అవి మాట్లాడటం మొదలుపెడతాయి.

ఓర్వకల్లులో ఒక్కో ఉద్యోగానికి సుమారు 27 లక్షల పెట్టుబడి. కొప్పర్తిలో 16 లక్షలు. భూమి ఇంచుమించు అంతే, పెట్టుబడి తక్కువ, ఉద్యోగాలు ఎక్కువ. అంటే రెండుచోట్లా ఒకే రకం ఫ్యాక్టరీలు వస్తాయని అనుకోలేదన్నమాట. మనుషుల చేతులు ఎక్కువ కావలసిన పనులు, వస్తువులు బిగించే పనుల్లాంటివి కొప్పర్తి వైపు. యంత్రాల బరువు ఎక్కువగా ఉండేవి ఓర్వకల్లు వైపు. ఇది నా లెక్క, ఏ జీవోలోనూ ఇలా రాసి ఉండదు. కానీ దీన్నిబట్టే రెండు ఊళ్ళ ప్లాన్లు వేరుగా ఉండాలి. మనుషులు ఎక్కువుంటే హాస్టళ్ళు, బస్సులు, క్యాంటీన్లు, పిల్లల్ని చూసుకునే కేంద్రాలు కావాలి. యంత్రాలు ఎక్కువుంటే కరెంటు, నీళ్ళు, భారీ లారీలు తిరిగే రోడ్లు కావాలి.

ఇంకో భాగహారం. ఓర్వకల్లులో ఎకరా అభివృద్ధికి ఖర్చు కోటీ ఆరు లక్షలు, కొప్పర్తిలో 82 లక్షలు. అది ఇవ్వడానికి వీలుపడని భూమిని కూడా కలిపి వేసిన లెక్క. రోడ్లు, కాలువలు, సబ్‌స్టేషన్, పచ్చదనం పట్టీలు పోను పరిశ్రమలకు 60 శాతం మిగిలిందనుకోండి, అమ్మదగ్గ ఎకరా ఓర్వకల్లులో కోటీ డెబ్బై ఏడు లక్షలకు చేరుతుంది. ఆ రేటు చెబితే ఏ కంపెనీ వస్తుంది? బెంగళూరు శివార్లకో శ్రీపెరుంబుదూరుకో పోతుంది. అందుకే భూమి రాష్ట్రం పెట్టుబడిగా పెడుతుంది, లోపల రోడ్లూ పైపులూ వేసే డబ్బు కేంద్రం ట్రస్టు ద్వారా పెడుతుంది, ఇద్దరూ కలిసి ఒక ప్రత్యేక కంపెనీ పెట్టుకుంటారు. 2008లో ఢిల్లీ-ముంబై కారిడార్ కోసం పుట్టిన సంస్థే ఇప్పుడు ఎన్‌ఐసీడీసీ పేరుతో దేశమంతా ఈ పని చూస్తోంది. మన వైపు రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏపీఐఐసీ.

ఎకరానికి ఉద్యోగాల సంగతి కూడా చూడాలి. ఓర్వకల్లు లెక్కలో ఎకరానికి 17 మంది. ఇక్కడికి దగ్గర్లోనే గని, శకునాల దగ్గర 5,932 ఎకరాల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. ఓర్వకల్లు నోడ్‌కు, అంటే కారిడార్‌లోని ఈ పారిశ్రామిక నగరానికి, రెండింతలు దాటిన భూమి. పలకలు తుడిచేవాళ్ళు, కాపలావాళ్ళు, కొద్దిమంది టెక్నీషియన్లు తప్ప అక్కడ పెద్దగా ఉద్యోగాలుండవు. కరెంటు కావాలి కాబట్టి దాన్ని తప్పు పట్టడం లేదు. కానీ ‘పరిశ్రమ’ అన్న ఒక్క మాట కింద ఈ రెండింటినీ కలిపి ఎకరాలు లెక్కబెడితే మనం మోసపోతాం.

ఇంటికీ కూలింగ్ టవర్‌కీ సంబంధం ఏమిటి?

1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఆఫీసులు పెట్టడానికి భవనాలు చాలక గుడారాలు వేశారు. మా పెద్దవాళ్ళు ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు. మనుషులు ముందు వచ్చారు, ఊరు తర్వాత చూసుకోవచ్చులే అనుకున్నారు. మూడేళ్ళకు రాజధాని హైదరాబాద్ పోయింది, గుడారాలూ పోయాయి. ఫ్యాక్టరీ అలా ఎత్తుకుపోయేది కాదు. కాబట్టి మనుషుల లెక్క ముందే వేయాలి.

45,000 ఉద్యోగాల్లో మూడో వంతు అక్కడే కాపురం ఉంటారనుకుందాం. 15,000 కుటుంబాలు, ఇంటికి నలుగురు, మొత్తం 60,000 మంది. 2011 జనాభా లెక్కల నాటి డోన్ పట్టణమంత ఊరు. మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది పట్టణాల నీటి సరఫరాకు మన దేశంలో వాడే కొలత. రోజుకు 81 లక్షల లీటర్లు. ఏడాదికి కలిపినా ఒక టీఎంసీలో పదో వంతు మాత్రమే. కాబట్టి తాగునీరు పెద్ద టెన్షన్ కాదు.

అసలు సంగతి ఇక్కడి నుంచి. ఇండ్లలో వాడిన నీళ్ళలో దాదాపు 80 శాతం మురుగుగా తిరిగి వస్తుంది. అంటే రోజుకు 65 లక్షల లీటర్లు. దాన్ని శుద్ధి చేస్తే తాగడానికి కాదు గానీ ఫ్యాక్టరీల కూలింగ్ టవర్లకు, చెట్లకు, టాయిలెట్లకు పనికొస్తుంది. నది నుంచి తెచ్చే నీళ్ళలో ఆ మేరకు తగ్గించుకోవచ్చు. మంచి ప్లానర్ ఈ 65 లక్షలను ఆదాయం కింద రాసుకుంటాడు.

ఇప్పుడు ఇండ్లు కట్టలేదనుకోండి. బడ్జెట్ చాలలేదనో, తర్వాత చూద్దామనో. పనివాళ్ళంతా కర్నూలు నుంచి బస్సుల్లో వచ్చి సాయంత్రం పోతారు. వాళ్ళ స్నానాలు, బట్టలు ఉతుకుళ్ళు, వంటలు అన్నీ కర్నూలులోనే. మురుగూ అక్కడే తయారై హంద్రీలో కలుస్తుంది. ఓర్వకల్లులో శుద్ధి కేంద్రం కట్టి ఉంటుంది గానీ దానికి మురుగు చాలదు. ఫ్యాక్టరీలకు మాత్రం నీళ్ళు కావాలి. ఆ 65 లక్షల లీటర్లూ మళ్ళీ నది నుంచే తేవాలి. ఇండ్ల శాఖలో ఒకాయన ఫైలు పక్కన పెడితే నీళ్ళ శాఖలో బిల్లు పెరుగుతుంది. ఇదే ‘సమగ్ర’ అన్న మాటకు అసలు అర్థం. అన్ని శాఖల ఫైళ్ళూ ఒక అట్టలో పెట్టి కుట్టడం కాదు.

మరి నది నీళ్ళెక్కడ? తుంగభద్ర ఎండాకాలంలో ఎలా ఉంటుందో కర్నూలు బ్రిడ్జి మీద నిలబడి చూసినవాళ్ళకు చెప్పాల్సిన పనిలేదు. ఇసుకా, మధ్యలో మడుగులూ. ఇక మిగిలింది శ్రీశైలం వెనక జలాలు. అక్కడ మట్టం 854 అడుగుల కిందికి దిగితే సీమ కాలువలకు నీళ్ళు వదిలే పోతిరెడ్డిపాడుకు నీళ్ళు సరిగా ఎక్కవన్నది సీమలో చిన్నపిల్లలకూ నోటికొచ్చిన అంకె. రైతుకు నీళ్ళు కావలసింది కొన్ని నెలలు. ఫ్యాక్టరీకి 365 రోజులు, అందులోనూ ఏప్రిల్, మే నెలల్లో ఎక్కువ. కాబట్టి “ఎన్ని టీఎంసీలు కేటాయించారు” అని అడిగితే సరిపోదు. “మే నెలలో ఏ మట్టం నుంచి తోడతారు, నోడ్ లోపల ఎన్ని రోజులకు సరిపడా నిల్వ ఉంది” అని అడగాలి. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీకి హంద్రీ-నీవా కింద గొల్లపల్లి రిజర్వాయర్ దొరికింది. ఆ రిజర్వాయర్ లేకపోతే కార్ల ఫ్యాక్టరీ వచ్చేదా అన్నది నాకు అనుమానమే.

ఏ పరిశ్రమకు చోటిస్తారన్నది కూడా నీళ్ళ ప్రశ్నే. బట్టలకు రంగులద్దే యూనిట్ నీళ్ళు తాగేస్తుంది. చిప్‌ల ఫ్యాక్టరీకి అత్యంత స్వచ్ఛమైన నీళ్ళు కావాలి, అలా స్వచ్ఛం చేసేటప్పుడే బోలెడు వృథా అవుతుంది. డ్రోన్లు బిగించే షెడ్డుకు నీళ్ళంటే క్యాంటీన్, బాత్‌రూములే. ఓర్వకల్లులో 300 ఎకరాల్లో డ్రోన్ల కేంద్రం పెట్టాలన్న నిర్ణయం 2024 నవంబరులో రాష్ట్ర డ్రోన్ విధానంతో వచ్చింది. నీళ్ళ లెక్కలో చూస్తే అది తెలివైన ఎంపిక.

వంక, వాలు, గాలి

పటం గీసేవాళ్ళు మొదట చూడాల్సింది వాలు. ఇండ్లు కట్టే మన మేస్త్రీ కూడా మొదట “నీళ్ళు ఎటు పోతాయి” అనే అడుగుతాడు. మురుగు పైపు దాని వాలుకు అది పారాలి. శుద్ధి కేంద్రం అన్నిటికంటే పల్లంలో, నీళ్ళ ట్యాంకు అన్నిటికంటే మిట్టన ఉండాలి. చూడ్డానికి ఇంత తేలికైన విషయం. కానీ పల్లంలో ఉన్న ఆ ప్లాటు హైవే పక్కన ఉందనుకోండి, మొదట వచ్చిన పెద్ద కంపెనీ అదే కావాలంటుంది. మొదటి కంపెనీని కాదనే ధైర్యం ఎవరికీ ఉండదు. ఇచ్చేస్తారు. ఇక శుద్ధి కేంద్రం మిట్టకు పోతుంది, ఊరు ఉన్నంతకాలం మురుగును మోటార్లు పెట్టి పైకి తోడాలి. కరెంటు పోయిన రోజు ఏమవుతుందో ఊహించుకోండి. మాస్టర్ ప్లాన్ పాడయ్యేది ఎక్కువగా ఇలాంటి ఒక్క ప్లాటు దగ్గరే.

వాన సంగతి ఇంకా ముఖ్యం. 2,621 ఎకరాలంటే సుమారు పది చదరపు కిలోమీటర్ల పైమాట. ఒక్క రోజులో పది సెంటీమీటర్ల వాన పడితే ఆ నేల మీద పడే నీళ్ళు 106 కోట్ల లీటర్లు. ఇప్పుడు అందులో కొంత మట్టి పీలుస్తుంది, కొంత గడ్డిలో, చేలగట్ల దగ్గర ఆగుతుంది, మిగిలింది వంకల్లో నిదానంగా పోతుంది. రేకుల షెడ్డూ తారు రోడ్డూ ఒక్క చుక్క పీల్చవు. అదే వాన, అదే నేల, వంకలోకి వచ్చే నీళ్ళు మాత్రం ఎన్నో రెట్లు, అదీ గంటలో.

ఆ వంకలు ఎటు పోతాయన్నది ఈ మండలంలో చిన్న ప్రశ్న కాదు. కుందూ నది పుట్టేది ఓర్వకల్లు మండలం ఉప్పలపాడు దగ్గరే. అక్కడి నుంచి నంద్యాల మీదుగా ప్రవహించి కడప జిల్లాలో కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. నంద్యాల వాసులకు కుందూ వరదలు కొత్త కాదు. ఇక 2009 అక్టోబరు 2న కర్నూలులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఏం చేశాయో ఈ ఊళ్ళో అందరికీ గుర్తుంది, పాతబస్తీలో నీళ్ళు ఎక్కడి దాకా వచ్చాయో ఇప్పటికీ చేత్తో చూపిస్తారు. అంచేత పటంలో నేను మొదట వెతికేది వంకల కోసం. వంకను వంకగా ఉంచి ఇరువైపులా ఖాళీ వదిలారా? లేక సిమెంటు కాలువగా సన్నం చేసి, ప్లాట్ల అంచున లంబకోణంలో తిప్పారా? వానాకాలంలో నీళ్ళు ఆగే చెరువులు, కుంటలు లోపల ఉంచారా? వంక పోరంబోకు కాగితం మీద ప్రభుత్వ భూమే కాబట్టి దానికి నష్టపరిహారం ఇవ్వక్కర్లేదు, ధర్నా చేసేవాళ్ళూ ఉండరు. అందుకే మొదట పోయేది అదే.

బండల సంగతి మొదట్లో చెప్పాను. కొత్త పారిశ్రామిక నగరాల్లో కరెంటు తీగలు, ఫైబర్, నీళ్ళు అన్నీ నేల కింద వేయాలన్నది పద్ధతి. మహారాష్ట్రలో ఔరంగాబాద్ (ఇప్పటి ఛత్రపతి సంభాజీనగర్) దగ్గర ఆరిక్ అనే పారిశ్రామిక నగరంలో అలా చేసి చూపించారు. బండనేలలో ఆ పని నల్లరేగడిలో తవ్వినంత తేలిక కాదు. ఓర్వకల్లుకు ఎకరా ఖర్చు కొప్పర్తి కంటే ఎక్కువ రావడంలో బండల వాటా కూడా ఉంటుందని నా ఊహ. ఊహే, అంతకంటే కాదు.

గాలి గురించి ఎవరూ మాట్లాడరు గానీ దాని లెక్కా ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన వైపు గాలి పడమటి నుంచి, నైరుతి నుంచి వీస్తుంది. చలికాలంలో తూర్పు, ఈశాన్యం నుంచి. కాబట్టి పొగ గొట్టాలకు సరిగ్గా ఈశాన్యానో నైరుతిలోనో ఇండ్లు పెడితే ఏదో ఒక కాలంలో పొగ తినక తప్పదు. ఓర్వకల్లుకు కర్నూలు వాయవ్యాన ఉంది. ఇండ్లు ఆ వైపు పెడితే గాలికీ పర్వాలేదు, బస్సుకూ దగ్గర. కాలుష్య నియంత్రణ మండలులు పరిశ్రమలను కాలుష్యాన్ని బట్టి తెలుపు, ఆకుపచ్చ, నారింజ, ఎరుపు వంటి రంగులుగా విడదీస్తాయి. ఎరుపువి ఒక మూలకు, తెలుపువి ఇండ్ల పక్కకు అన్నది మామూలు సూత్రం. ఓర్వకల్లులో ఇంకో చిక్కు కూడా ఉంది. పక్కనే విమానాశ్రయం. 2021 మార్చిలో మొదలైంది, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. రన్‌వే దగ్గర పొగ గొట్టం ఎంత ఎత్తు ఉండాలన్నది ఫ్యాక్టరీవాళ్ళ ఇష్టం కాదు. గొట్టం పొట్టిదైతే పొగ దగ్గరలోనే దిగుతుంది. విమానానికీ ఊపిరితిత్తులకూ ఇక్కడ ముడి పడింది. దానికి తోడు రక్షణ పరిశోధన సంస్థవాళ్ళ ప్రయోగ క్షేత్రం. 2025 ఏప్రిల్‌లో లేజర్ ఆయుధాన్ని పరీక్షించింది అక్కడే.

కరెంటు గురించి ఎక్కువ చెప్పను. సోలార్ పార్కు ఉంది, పిన్నాపురంలో నీటిని పైకి తోడి నిల్వచేసే భారీ ప్రాజెక్టు ఉంది. ఈ ఒక్క విషయంలో మన ప్రాంతం ధనవంతురాలు. రోడ్లూ సరే. నంద్యాల మీదుగా కడప పోయే 40వ నంబరు హైవే పక్కనే, 44వ నంబరు కర్నూలులో. రైలు మాత్రం ఓర్వకల్లుకు లేదు. బేతంచెర్ల, డోన్, కర్నూలు, ఏదో ఒకదానికి పోవాలి. లారీల మీదే సరుకు కదిలితే లారీలు ఆగడానికి చోటు కావాలి. దాన్ని పటంలో మరిచిపోయిన ప్రతి పారిశ్రామికవాడలోనూ లారీలు సర్వీసు రోడ్డు మీదే నిద్రపోతాయి.

ముందు ఏది, తర్వాత ఏది

లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరు అనంతపురం వైపు వాళ్ళు మరిచిపోయి ఉండరు. చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 8,844 ఎకరాలు. భూమి చేతులు మారింది, బ్యాంకుల్లో తాకట్టుకు పోయింది, కేసుల్లో చిక్కుకుంది. నగరం మాత్రం రాలేదు. దానికి ఎదురు కియా. 2017లో ఒప్పందం, 536 ఎకరాలు, 2019 చివరికి ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యంతో ఫ్యాక్టరీ తెరిచారు. ఒకచోట భూమి ఉంది, కంపెనీ లేదు. ఇంకోచోట కంపెనీ ముందు వచ్చింది, దానికి సరిపడా భూమీ నీళ్ళూ వెతికారు.

ఓర్వకల్లు, కొప్పర్తి ఈ రెండింటికీ మధ్యన ఉన్నాయి. కేంద్రం చెప్పే పద్ధతి ఏమిటంటే, గిరాకీ రాకముందే రోడ్డు, నీళ్ళు, కరెంటు సిద్ధం చేసి పెట్టాలి. కంపెనీ వచ్చి షెడ్డులో మిషన్ పెట్టి స్విచ్ వేసుకోవాలి. మంచిదే. కానీ అందులో ఒక జూదం ఉంది. అంతా ఒకేసారి వేస్తే కంపెనీలు వచ్చేసరికి రోడ్లు గుంతలు పడతాయి, వీధి దీపాల బిల్లు కట్టేవాడు ఉండడు. కొంచెం కొంచెం వేస్తే పెద్ద కంపెనీ నమ్మదు. అందుకే దశలు. నా దృష్టిలో ఒక మాస్టర్ ప్లాన్‌లో పటాల కంటే దశల పట్టిక ముఖ్యం. దేని తర్వాత ఏది, అది ఎన్ని ప్లాట్లు నిండాక మొదలవుతుంది అన్నది అందులో ఉండాలి.

దశల పట్టికలో ఎప్పుడూ చివర ఉండేది ఇండ్లే. పనివాళ్ళు వచ్చాక కడదాం అంటారు బిల్డర్లు. ఉండటానికి చోటుంటే వస్తాం అంటారు పనివాళ్ళు. ఈలోగా పక్క ఊళ్ళలో పశువుల కొట్టాలు కూడా అద్దె గదులైపోతాయి. ఒక గదిలో ఎనిమిది మంది. 2021 డిసెంబరులో శ్రీపెరుంబుదూరు దగ్గర ఫోన్ల ఫ్యాక్టరీలో పనిచేసే ఆడపిల్లలు హాస్టల్ తిండి తిని ఆస్పత్రి పాలయ్యారు, మిగతావాళ్ళు రోడ్డెక్కారు, ఫ్యాక్టరీ కొన్నాళ్ళు మూతపడింది. ఆ తర్వాత తమిళనాడు ప్రభుత్వ సంస్థ సిప్‌కాట్ వల్లం వడగాల్‌లో 706.5 కోట్లతో 18,720 మంది మహిళలు ఉండే వసతి గృహాలు కట్టింది, 2024 ఆగస్టులో తెరిచారు. ఆ పాఠం మనకు ఉచితంగా దొరికింది. 54,500 ఉద్యోగాలంటున్న కొప్పర్తి దాన్ని ముందు చదవాలి.

ఇది మనకు ఇంకా దగ్గరి విషయం ఎందుకంటే, పడమటి కర్నూలు నుంచి, కోసిగి, ఆలూరు, ఆదోని వైపు నుంచి, ఏటా జనం సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. గుంటూరు మిరప చేలకు, ఇంకా దూరాలకు, పిల్లల్ని వెంటేసుకుని. వాళ్ళ పిల్లలకు ఓర్వకల్లులో పని దొరకాలన్నది ఈ మొత్తం వ్యవహారానికి నాకు తెలిసిన అతి బలమైన కారణం. కానీ ఆదోని నుంచి ఓర్వకల్లుకు రోజూ వచ్చిపోవడం జరిగే పని కాదు. పని ఇచ్చి మంచం ఇవ్వకపోతే అదీ ఇంకో సుగ్గే. ‘నడిచి పోయేంత దూరంలో పని’ అని ఈ నగరాల గురించి రాసుకున్నారు. నడవాలంటే ముందు ఇల్లు ఉండాలి కదా.

గీత బయట ఉన్నవాళ్ళు

టీ కొట్టు పెద్దాయన దగ్గరికి మళ్ళీ వస్తాను. ఆయన చేను గీత లోపల ఉంటే ఒక కథ. పట్టా భూమైతే 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం. డీకేటీ పట్టా, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి అయితే వాదన వేరు, దాని మీద మళ్ళీ ఇంకో వ్యాసం రాయాలి. గీత బయట ఉంటే? డబ్బులు రావు. కానీ కొత్త రోడ్డు ఆయన చేను కంటే నాలుగడుగుల ఎత్తులో వస్తుంది. పాత బండ్ల బాట గోడ అవతల పడిపోతుంది. గొర్రెలు మేసే గుట్ట ఫెన్సింగ్‌లో పోతుంది. ఊరు ఊరుగానే ఉంటుంది, చుట్టూ నేల పైకి లేచి వానకు మడుగు అవుతుంది. ప్లాన్‌లో పాత ఊళ్ళను ఖాళీ తెల్లని మచ్చల్లా వదిలేస్తే ఇదే జరుగుతుంది. గీత లోపల వేసే డ్రైనేజీకి ఆ ఊళ్ళనూ కలిపారా అన్నది పటం చూసి చెప్పొచ్చు, కష్టం కాదు.

కాలువ పూడితే ఎవరిని అడగాలన్నది ఇంకో చిక్కు. పారిశ్రామికవాడల్లో ఏపీఐఐసీ కింద ‘ఐలా’ అని ఒక స్థానిక అథారిటీ ఉంటుంది. పన్ను అదే వసూలు చేస్తుంది, అందులో 35 శాతం పంచాయతీకి ఇవ్వాలి. బయట కర్నూలు పట్టణాభివృద్ధి సంస్థ కుడా, దాని పక్కన పంచాయతీ, హైవే వాళ్ళు వేరు, ఇరిగేషన్ వాళ్ళు వేరు. వంక ఒకటే, అది ఐదుగురి హద్దులు దాటుతుంది. ఓట్లు వేసి ఎన్నుకునే సర్పంచ్‌కు గోడ లోపల మాట చెల్లదు. లోపల నివాసం ఉండే అరవై వేల మంది ఎవరికి ఓటేస్తారు, ఎవరిని నిలదీస్తారు అన్న ప్రశ్నకు పారిశ్రామిక నగరాల్లో ఎక్కడా నాకు నచ్చిన జవాబు దొరకలేదు.

చివరగా ఒక పనికొచ్చే విషయం. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం పెద్ద పారిశ్రామిక పార్కుకు మొత్తంగా ఒకసారి పర్యావరణ అనుమతి తీసుకుంటే, ఆ తర్వాత లోపల వచ్చే చాలా యూనిట్లకు మళ్ళీ విడివిడిగా ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు. పార్కుకు జరిగే ఆ ఒక్క సభే చుట్టుపక్కల ఊళ్ళకు నోరు విప్పే అవకాశం. మైకు ముందు “ఉద్యోగాలు మాకే ఇవ్వాలి” అని అందరూ అంటారు, అది న్యాయమే. దాంతోపాటు నివేదిక చదివి వెళ్ళినవాళ్ళు ఇద్దరున్నా సభ వేరేలా నడుస్తుంది. ఈ నివేదికలు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో ఉంటాయి. వందల పేజీలు, ఇంగ్లీషులో. డిగ్రీ చదివే మీ ఊరి పిల్లలకు ఫోన్ ఇచ్చి మూడు పేజీలు వెతకమనండి: నీటి లెక్కల పట్టిక, వాన నీటి కాలువల పటం, దశల పట్టిక. నీటి పట్టికలో మూలం ఎదురుగా ‘ప్రతిపాదన’ అని ఉందా, ‘ఒప్పందం అయింది’ అని ఉందా చూడండి. కాలువల పటంలో మీ ఊరి వంక పేరు ఉందా లేదా చూడండి. లేకపోతే ఆ పటాన్ని ప్రింట్ తీయించి, వంక ఎక్కడుందో ఎర్ర పెన్నుతో గీసి, సభలో ఇచ్చి రసీదు తీసుకోండి.